సిపాయి తాత డైరీలో ఆ రోజు పేజీ

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఎవరైనా ఇలాంటివి చెబితే, ఎక్కడో పొరపాటు పడి ఉంటారనే అనుకునేదాన్ని. నన్నూ అలాగే అనుకుంటారని ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఊరు. మా ముత్తాతకు తాత తెల్లవాళ్ల పల్టన్‌లో సిపాయి. ఓడెక్కి బర్మా యుద్ధానికి వెళ్లాడు. చదువు కూడా పల్టన్‌లోనే నేర్చుకున్నాడట. ఆయన డైరీ మా ఇంట్లో ఉంది. అందులో యుద్ధం తక్కువ. పురుగు పట్టిన బియ్యం, నానిపోయిన బూట్లు, జలగలు, ఎండుచేప దొరికిన రోజు సంబరం. ముట్టుకుంటే కాగితం రాలిపోతోందని, రోజుకో పేజీ నా నోటుబుక్కులోకి ఎత్తి రాస్తున్నాను.

పోయిన కార్తీకంలో అన్నయ్య చేపల వేటకెళ్లిన పడవ రెండు రోజులైనా తిరిగి రాలేదు. పడవలో నలుగురు. ఫోన్లు కలవలేదు. అమ్మ పొయ్యి వెలిగించలేదు. మూడో రోజు పొద్దున్న, వాకిట్లో చేరినవాళ్ల ఓదార్పు భరించలేక, లోపల డైరీ ముందేసుకుని కూర్చున్నాను.

అడవిలో దారి చూడటానికి వెళ్లిన సిపాయిలు ఇంకా రాలేదని ఆ పేజీలో ఉంది. రాసుకుంటూ పోయాను. "నలుగురూ మధ్యాహ్నానికి వచ్చినారు. ఒకనికి ఎడమ పాదము నలిగినది. గంజి తాగి పడుకున్నారు."

అమ్మకి చదివి వినిపించాను.

"ఎప్పటోళ్ల మాటే అది! మన గుంటడికీ దానికీ ఏటే సమ్మందం?" అని కసిరింది. కాసేపటికి తనే లేచి గంజికి ఎసరు పెట్టింది.

ఒంటిగంట దాటాక పడవ ఒడ్డుకొచ్చింది. ఇంజిను చెడి కొట్టుకుపోతుంటే, వేరే పడవవాళ్లు లాక్కొచ్చారు. నలుగురూ ఉన్నారు. అన్నయ్య ఎడమ పాదానికి గుడ్డ కట్టి ఉంది. ఇంజిను ఎత్తబోతే అది జారి పాదం మీద పడి నలిగిందట.

"ఏటే అలా సూస్తన్నావు? బతికే ఉన్నాను. ఆకలేస్తంది," అన్నాడు. అమ్మ వాడి వీపు మీద రెండు చరిచి, గంజి పోసింది.

సాయంత్రం, రాసింది సరిచూద్దామని డైరీ తీశాను. ఆ మూడు వాక్యాలూ అందులో లేవు. సిపాయిలు ఇంకా రాలేదన్న చోటే ఆ రోజు రాత ఆగిపోయింది. మర్నాటి పేజీ నిండా వాన, ఉప్పు కరువు. వెనకా ముందూ అన్ని పేజీలూ వెతికాను. నా నోటుబుక్కులో మాత్రం, నా చేతిరాతతోనే ఉన్నాయి.

నిద్రలేక నేనే కల్పించి రాశానేమో. మరి ఎడమ పాదం?

అమ్మకి చెబితే, "ఎవులు రాస్తే ఏటే? నీ అన్నొచ్చేడు. సాల్దా?" అంది.

చాలు. ఆ పేజీ తీస్తే నాకు భయం వేయదు, ఊపిరి తేలికపడుతుంది. ఆ మాటలు దేన్ని చూసి ఎత్తి రాశానో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.