తెలియకుంటే వద్దను

ఇది వజ్రం కథ. ఇందులో ఉరుములున్నాయి, ఎర్రనేల ఉంది, ముప్పై ఏళ్ళ తపస్సు ఉంది, ఆలుమగల మధ్య యుద్ధం ఉంది, చివర్లో సత్యం బయటపడటం కూడా ఉంది. ఇంత చెప్పాక ఒప్పుకోక తప్పదు: నిజానికి ఇది ఒక పాత కంప్యూటర్ ముందు కూర్చొని కొన్ని వందల ప్రశ్నలకు అవును, కాదు అని జవాబులిచ్చిన కథ. నిన్న పనిలో ఒక చిన్న కంప్యూటర్ బోర్డుకు కెర్నల్ తయారుచేస్తుంటే యూఎస్‌బీ కెమెరాల ప్రశ్న దగ్గర చెయ్యి ఆగింది, చిన్నాయన గుర్తొచ్చాడు. కెర్నల్ అంటే తెలియనివారికి ఒక మాట. కంప్యూటర్‌లోని సామానుకూ మనం వాడే ప్రోగ్రాములకూ మధ్య కూర్చునే పెత్తందారు అది. ఏ సామాను తగిలించినా ముందు అది గుర్తుపట్టాలి. ఎవరెవరిని గుర్తుపట్టాలో తయారుచేసేటప్పుడే మనం చెప్పాలి. ఒక్కో పేరుకు మూడు జవాబులు: వై అంటే ఎప్పుడూ ఇంట్లోనే ఉండే మనిషి, ఎమ్ అంటే పిలిస్తే వచ్చే మనిషి, ఎన్ అంటే మనకు సంబంధం లేని మనిషి.

చిన్నాయనది పత్తికొండ వైపు ఒక పల్లె. ఆ వైపు తొలకరి పడితే జనం చేలల్లో దిగి తల వంచుకొని నడుస్తారు. కొత్తవాళ్ళు చూస్తే ఊరంతా ఏదో తప్పు చేసి సిగ్గుపడుతోందనుకుంటారు. వాళ్ళు వెతికేది వజ్రాలు. ఎక్కడెక్కడి నుంచో సద్దిమూటలు కట్టుకొని వచ్చేవాళ్ళు కూడా ఉంటారు. నాకు చదువు అయిపోయి ఉద్యోగం రాని ఏడాది, అంటే అందరి పనులకూ నేనే దొరికే ఏడాది, చిన్నాయనకు సొంత చేనులోనే కందిగింజంత రాయి దొరికింది. డోన్ బస్సెక్కి రమ్మని కబురు వచ్చింది. వెళ్ళేసరికి ఆయన తలుపు దగ్గరికి వేసి, అగ్గిపెట్టె తెరిచి, దూది విప్పి చూపించాడు. మెరుస్తోంది. నాకు తెలిసినంతలో చాలా వస్తువులు మెరుస్తాయి గానీ ఆ మాట అనలేదు.

చిన్నమ్మకు కావలసింది ఒకటే, వేరుశనగ విత్తడం. వాన పడి ఒక రోజు అయిపోయింది. విత్తే గొర్రుకు మనుషులను మాట్లాడి పెట్టుకుంది. చిన్నాయన ఒప్పుకోలేదు. ఆ రాయి నిజమైతే చేనంతా జల్లెడ పట్టాలట, గొర్రు దిగితే మిగతావన్నీ మట్టి కిందికి పోతాయట. ఆమె గడపలో నిలబడి, గొంతు పెంచకుండా, నాతో చెప్పింది.

"ఏమప్పా, నువ్వు చదువుకున్నోడివి. నేలలో పదును రేపటిదాకా ఉంటే ఎక్కువ. అది రాయో రత్నమో పొద్దు తిరిగేలోపల చెప్పండి. ఆ మీద నేను అడగను."

అడగను అన్నది బెదిరింపో అనుమతో మా ఇద్దరికీ అర్థం కాలేదు.

డోన్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే భాయ్ దగ్గర యూఎస్‌బీ మైక్రోస్కోపు ఉంది. వేరుశనగ విత్తనాలకు తెగులు వచ్చింది, చూడాలని అబద్ధం చెప్పి చిన్నాయన అది అడిగి తెచ్చాడు. నా ఫోనుకు తగిలిద్దామంటే వద్దన్నాడు. "ఫోనులో చూస్తే బొమ్మ యాడికో పోతాది. ఊరికి తెలిసిపోతాది." ఇంట్లో ఉన్న కంప్యూటర్‌కు ఇంటర్నెట్ లేదు కాబట్టి అది నమ్మకస్తురాలు. కాలేజీలో నేను వాడి, పాటలు వినమని ఆయనకు వదిలేసిన పెట్టె అది. మైక్రోస్కోపు తగిలించాం. దాని దీపం వెలిగింది, తెర మీద మాత్రం ఏమీ రాలేదు.

తప్పు నాదే. ఆ పెట్టె తేలిగ్గా నడవాలని కాలేజీ రోజుల్లో దానికి కెర్నల్ నేనే తయారుచేశాను. ప్రతి ప్రశ్న కిందా నాలుగు మాటల సలహా ఉంటుంది, చాలాచోట్ల దాని చివరి వాక్యం ఒకటే: తెలియకుంటే ఎన్ అనండి. నాకప్పుడు ఏదీ తెలియదు. అన్నిటికీ ఎన్ అన్నాను. పెట్టె నిజంగానే తేలికైంది. కీబోర్డు, మౌస్, పెన్‌డ్రైవ్ తప్ప లోకంలో ఎవరినీ గుర్తుపట్టని స్థితికి వచ్చింది. అదృష్టం కొద్దీ కెర్నల్‌ను మళ్ళీ కట్టడానికి కావలసిన మూలం, అంటే సోర్సు, డిస్కులోనే పడి ఉంది. మళ్ళీ మొదలుపెట్టాను.

చిన్నాయన స్టూలు లాక్కొని పక్కనే కూర్చున్నాడు. ప్రతి పేరూ చదివించుకున్నాడు. ప్రింటర్లు, మోడెములు, ఎవరు కొన్నారో తెలియని పెట్టెలు, చివరికి యూఎస్‌బీ థర్మామీటర్ కూడా. ఈడ ఎండ తెలిసేదానికి అది కూడా కావాల్నా అని నవ్వాడు. కింద ఇంగ్లీషులో ఏం రాసుండాదని అడిగితే, తెలియకుంటే వద్దను అని రాశారు చిన్నాయనా అన్నాను. ఆయన స్టూలు ఇంకొంచెం ముందుకు జరిపాడు.

"రాసినోడు మన సీమోడు కాదప్పా. తెలిసినాక ఊ అనేదానికి మనిషి ఎందుకు? నేను తెలీకనే ఊ అని ముప్పై ఏండ్లుగా నడుస్తాండా."

యూఎస్‌బీ జాబితా అంతా రెండుసార్లు తిరిగాను, కెమెరాల మాటే లేదు. గంట గడిచింది. ఉద్యోగం ఎందుకు రాలేదో నాకే అర్థమవుతున్న సమయంలో ఆయన, ఇంతకూ అది చేసేదేమి అని అడిగాడు. బొమ్మ చూపిస్తుంది అన్నాను. "బొమ్మ చూపించేదయితే బొమ్మల కాడ ఎతుకు. తీగ ఉండాదని తీగల కాడ ఎతికితే ఎట్ల?" వెళ్ళి చూస్తే అక్కడే ఉంది. బొమ్మలు, శబ్దాలు అనే వేరే గదిలో. ఆ గది బయటి తలుపుకే నేను ఎన్ అన్నాను కాబట్టి లోపలి తలుపులు కనిపించనే లేదు. తలుపులన్నిటికీ వై కొట్టి, కెర్నల్ కట్టమని చెప్పి, ఇద్దరం ఖాళీగా కూర్చున్నాం. తెర మీద అక్షరాలు పైకి పోతూ ఉన్నాయి, ఆయన వాటిని వాన చూసినట్టు చూశాడు. మధ్యలో ఒకసారి, నిజమైతే మీ చిన్నమ్మ మొగం చూడాల, అన్నాడు. అంతవరకూ అది ఆయన సరదా అనుకున్నాను.

పొద్దు వాలాక పెట్టె కొత్త కెర్నల్‌తో మళ్ళీ లేచింది. మైక్రోస్కోపు కింద రాయి పెట్టాం. తెర నిండా వెలుగు, అందులో గుండ్రటి బుడగలు, సోడాలో లేచి సగంలో ఆగిపోయినట్టు. వజ్రంలో గాలిబుడగలు ఉండవు. నేను చెప్పేలోపే ఆయనే అన్నాడు.

"గాజు కదప్పా."

అవునన్నాను. ఆయన రాయి తీసి బొటనవేలు పెట్టాడు. తెర మీద దుక్కి దున్నిన చేను కనిపించింది. ఉప్పు తెమ్మన్నాడు, తెచ్చాను. వేరుశనగ విత్తు పైపొట్టు, చీమ, చొక్కా దారం. ప్రతిదానికీ శానా బాగుండాదే అన్నాడు. నిజంగానే అన్నాడు.

చిన్నమ్మ వచ్చేసరికి కాళ్ళకు మోకాళ్ళ దాకా మట్టి ఉంది. ఏం తేలిందని అడగలేదు. పొద్దు తిరిగింది కాబట్టి విత్తేసినామని చెప్పింది. చిన్నాయన తెర మీది నుంచి కళ్ళు తిప్పకుండా, విత్తేటప్పుడు ఏమన్నా మెరిసినాయా అని అడిగాడు.

"మెరిసినాయి. వజ్రాలకు వచ్చినోళ్ళు తాగి పారేసిన సీసాపెంకులు. ఎద్దుల కాళ్ళకు గుచ్చుకుంటాయని ఏరి గట్టున పోసినా. చేటెడు అయినాయి."

ఆమె వంగి తెర మీది చీమను చూసి, ఇదేమి ఇంత ఉండాది అని ఇంకొంచెం దగ్గరికి జరిగింది. చిన్నాయన స్టూలు ఆమెకిచ్చాడు.

ఆ పెట్టె మీద కెర్నల్‌కు నాలుగు గంటలు పట్టింది. వేరుశనగకు నూటపది రోజులు పడుతుంది.