అడిగి నడిచిన బాట

నేను లా రెండో సంవత్సరంలో ఉండగా మా ఇంటి దావా ఒకటి భువనగిరి కోర్టులో నడిచింది. వాది మా బాపు, అంటే నాన్న. ప్రతివాది మా పక్క చెలకాయన. తగాదా ఒక బండ్ల బాట గురించి.

మాకు గుట్ట కింద మూడెకరాల చెలక, అంటే మెట్ట చేను, ఉంది. మూడు దిక్కులా బండలే. నాలుగో దిక్కు పక్కాయన చెలక, దాని అవతల రోడ్డు. మా నాగలి పోవాలన్నా, పంట ఇంటికి రావాలన్నా ఆయన చెలక నడుమ నుంచి పోయే బాట ఒక్కటే దారి. ఆ చెలక పెద్దాయనను ఊరంతా పటేల్ అనేవారు. ఆయన బతికున్నంత కాలం మాకు ఏ ఇబ్బందీ రాలేదు. ఆయన పోయాక భూమి హైదరాబాదులో ఉండే కొడుకు చేతికి వచ్చింది. రాష్ట్రం వచ్చాక మా వైపు భూముల ధరలు పెరిగాయి. అమ్మే ముందు హద్దు కనబడాలని కాబోలు, ఆయన ఒక ఎండాకాలం వచ్చి చెలక చుట్టూ రాతి కడీలు పాతించి, తీగ లాగించి, గేటుకు తాళం వేసిపోయాడు.

బాపు ఆయనకు ఫోన్ చేశాడు.

"అన్నా, గది నా పట్టా భూమి. బాటని యాడ రాసున్నది? కాయిదం ఉంటె చూపెట్టు" అన్నాడాయన.

బాపు ఫోన్ పెట్టేసి నా వైపు చూశాడు. "నువ్వు సదివేది గిదే కదా బిడ్డా. ఏం జేద్దాం జెప్పు."

నాకు తెలిసింది ఒప్పందాల చట్టం, నేరాల నిర్వచనాలు. దావా ఎలా వేస్తారో చూడనైనా చూడలేదు. అందుకని భువనగిరిలో ఒక వకీలు దగ్గరికి పోయాం. జుట్టంతా నెరిసిన మనిషి, మాట తక్కువ. బాపు తాతల కాలం నుంచి మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపాడు.

"ముచ్చట తర్వాత. కోర్టును ఏం ఇయ్యమని అడగాలె? ముందు అది చెప్పు."

బాపు, "తాళం తియ్యమనాలె. మల్ల ఎయ్యొద్దనాలె" అన్నాడు. దావా అర్జీ చివర అడిగేది అదే. మా కాలేజీలో సారు రెండు క్లాసులు తీసుకొని చెప్పిన సంగతిని బాపు రెండు మాటల్లో తేల్చాడు.

ఆ తర్వాత వకీలు ఒక సంగతి విడమర్చి చెప్పాడు. "ఒకల భూమి మీద నడిచే హక్కు ఊరికె రాదు. ఇరవై ఏండ్లకు మించి, అడ్డం లేకుండ, ఎవల్ని అడగకుండ, మాదే అన్నట్టు నడిస్తే అది హక్కయితది. అడిగి నడిస్తే అది వాళ్ల దయ. దయను ఎప్పుడైన బందు పెట్టొచ్చు. మీరు అడగకుండనే పోయిండ్రు కదా?"

"మా పెద్దోళ్లు చూసుకునేటోళ్లు సార్, నాకు తెల్వది" అన్నాడు బాపు. అడగకుండానే పోయి ఉంటారని నేను తలూపాను. దావా అలాగే తయారైంది.

దావాతో పాటే తాళం తీయించే మధ్యంతర ఉత్తర్వు కోసం కూడా అడిగాం. జడ్జి ఒక యువతి. అవతలివాళ్లకు నోటీసు పోనివ్వండి, వాళ్ల మాట కూడా విందాం అన్నారు. బాపుకు కోపం వచ్చింది. "వాడు తాళమేసినప్పుడు మనల్ని అడిగిండా?" అన్నాడు బయటికి వచ్చాక. ఒకరి మాట వినకుండా వారి మీద తీర్పు చెప్పకూడదన్న సూత్రం నేను పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదే. దాన్ని బాపుకు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

ప్రతివాది జవాబు దావా వేశాడు. అక్కడ బాటే లేదన్నాడు. ఉన్నా తన తండ్రి దయతో నడిచారన్నాడు. ఉందో లేదో సాక్ష్యం చూశాకే తేలుతుందని జడ్జి మధ్యంతర ఉత్తర్వు ఇవ్వలేదు. ఆ ఏడు మా చెలక సాగు లేక పడావు పడింది.

తర్వాత వివాదాంశాలు ఖరారయ్యాయి. బాట ఉన్నదా, దాని మీద వాదికి హక్కు ఉన్నదా అన్నవి అందులో ముఖ్యం. రెండూ రుజువు చేయాల్సిన భారం మా మీదే పడింది. బాపు మొదటి సాక్షి. పాత సంగతులు చెప్పడానికి మా అవ్వను, అంటే బాపు తల్లిని, రెండో సాక్షిగా వేశాం.

అవ్వ సాక్ష్యం చెప్పే పేషీకి వారం ముందు నేను ఆమెను కూర్చోబెట్టి అడిగాను. "అవ్వా, పటేల్ చెలకల నుంచి పోయేటప్పుడు మీరు ఆయనను అడిగేటోళ్లా?"

"అడగమా మరి? ఏటా ఇత్తనాలు పెట్టే ముందట మీ తాత పోయి, 'పటేలా, బండి తోలుకుంట' అనేటోడు. 'పో' అనేటోడాయన. మీ తాత పోయినంక నేనే పోయి అడిగిన. పంటొచ్చినంక నాలుగు కంకులిచ్చి వచ్చేది."

ఆ మాట బాపుకు చెప్పాను. ఆయన ముఖం వాడిపోయింది. "వకీలుకు చెప్పకు" అన్నాడు. నేను చెప్పలేదు.

సివిల్ దావాలో సాక్షి ముందుగా చెప్పాల్సిందంతా ప్రమాణపత్రం రూపంలో రాసి ఇస్తారు. అవతలి వకీలు దాని మీద అడ్డు ప్రశ్నలు వేస్తాడు. అవ్వ ప్రమాణపత్రాన్ని వకీలు దావాను బట్టి రాయించి నా చేతికిచ్చాడు. "ఆమెకు చదువు రాదు. నువ్వు లా పిల్లవు. అక్షరం పోకుండ చదివి వినిపించు" అన్నాడు. అందులో ఒక వాక్యం ఉంది: సదరు బాటను మా కుటుంబం ఎవరి అనుమతీ తీసుకోకుండా హక్కుగా వాడుకుంటున్నది. నేను చదువుతూ వచ్చి, ఆ వాక్యం దగ్గర ఆగకుండా కింది పేరాలోకి పోయాను. అవ్వ వేలిముద్ర వేసింది. వేయించేటప్పుడు, "చదివి వినిపించినవా?" అని వకీలు అడిగితే వినిపించానన్నాను.

పేషీ నాడు అటెండరు అవ్వ పేరు మూడుసార్లు పిలిచాడు. ఆమె మెల్లగా బోను ఎక్కింది. జడ్జి కుర్చీ వేయించారు. దేవుని సాక్షిగా నిజమే చెబుతానని అవ్వ గట్టిగానే అన్నది. నేను వెనక బెంచీలో కూర్చున్నాను.

ప్రతివాది వకీలు గొంతు పెంచలేదు. "అవ్వా, ఏమనుకోకు, రెండు మాటలు అడుగుత. మీ ఇంటోళ్లు మర్యాదస్తులని ఊర్లె అందరంటరు. ఒకల చెలక నుంచి బండి తోలేటప్పుడు అడిగి తోలేటోళ్లా, అడగకుంటనా?"

"అడగకుంట ఎట్ల తోల్తం సారూ? మేమేమన్న దొంగలమా?"

మా వకీలు రాస్తున్న కలం ఆగిపోయింది. అవ్వ మాటను జడ్జి టైపిస్టుకు చెప్పి ఎక్కించారు. అవతలి వకీలు ప్రమాణపత్రం తీసి ఆ వాక్యం చదివాడు. "ఎవరి అనుమతి తీసుకోలేదని నువ్వే రాసిచ్చినవు కదా?"

"గట్లెవరు రాసిండ్రు? నేనట్ల అనలే."

జడ్జి తలెత్తారు. "ఇది మీకు చదివి వినిపించారా అమ్మా?"

అవ్వ కోర్టంతా చూసింది. వెనక బెంచీలో నేను కనబడ్డాను. ఒక్క క్షణం నా మీదే చూపు నిలిపింది.

"మా పిల్ల సదివింది మేడం. నాకే చెవులు జర మందం. గా మాట ఇనపడకపోయి ఉంటది."

నేను తల దించుకున్నాను. అవతలి వకీలు అంతటితో కూర్చుంటే ఆయన పని పూర్తయ్యేది. కానీ ఇంకొక ప్రశ్న వేశాడు. "అంటే ఆ బాట వాళ్లదని, వాళ్ల దయ మీద నడుస్తున్నరని నీకు ఎరికే కదా?"

అవ్వకు ఆ మాట నచ్చలేదు. "బాట ఒక్కటేనా? మా చెలక గూడ మొదలు వాళ్లదే. గుట్ట నుంచి రోడ్డు దాక అంత ఒక్కటే చెలకుండె. ఈ తాళమేసిన పిలగాని తాతనే మా మామకు మూడెకరాలు అమ్మిండు. అమ్మేటప్పుడు మేమెట్ల పోవాల్నో ఆయనకు తెల్వదా? ఎగిరి పోతమా?"

కోర్టులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. జడ్జి నవ్వలేదు. ఆ జవాబును కూడా మాట పోకుండా ఎక్కించారు.

వరండాలోకి రాగానే వకీలు నన్ను పక్కకు పిలిచాడు. "అడిగి నడిచిన సంగతి నీకు ముందే తెలుసా?"

"తెలుసు సార్."

"ఆ లైను చదవలే కదా?"

"చదవలే."

"నాకు నిజం చెప్పుంటె దావా ఇంకో తీరుగ రాసేటోణ్ణి. ఆ ముసలామె నిన్ను ఎట్ల కాపాడిందో చూసినవా? ఇంకోసారి గిట్ల చేస్తే ఈ నల్లకోటు తొడుక్కోకు." ఆ మాట అని, చేతిలోని కట్ట సర్దుకుంటూ మామూలు గొంతుతో అడిగాడు. "మీ తాతల నాటి కొనుగోలు కాయిదం ఉన్నదా?"

ఊరికి పోయే బస్సులో అవ్వ పక్కన కూర్చున్నాను. చెవిలో మెల్లగా, ఆమెకు వినపడుతుందో లేదో అన్నట్టు అన్నాను. "అవ్వా, నేను ఆ మాట కావాలనే చదవలే."

"ఎరికేనే. నా చెవులకేమైంది? సూది కిందపడ్డా ఇనపడతది" అన్నది ఆమె కిటికీలోంచి చూస్తూ. కాసేపటికి, "ఒట్టేసి అబద్ధమాడిన. ఏం జేయాలె మరి, నీ మొకం అట్లుండె" అన్నది. నాకు ఏడుపొచ్చింది. ఆమె కొంగుతో నా ముఖం తుడిచి, గట్ల ఏడవకు, అందరు చూస్తున్నరు అని కసిరింది.

కాగితం ఇంట్లోనే దొరికింది. నిజాం కాలపు రిజిస్ట్రీ, అంతా ఉర్దూ. మాలో ఎవరికీ చదవరాదు కనుక అదేమిటో తెలియకుండానే పాత కాగితాల మధ్య ఉండిపోయింది. భువనగిరిలో ఒకప్పుడు దస్తావేజులు రాసిన ఒక ముసలి చాచా దగ్గరికి తీసుకుపోయాం. ఆయన కళ్లద్దాలు తుడుచుకొని, వేలు పెట్టి కుడి నుంచి ఎడమకు చదివాడు. బాట గురించి అందులో ఒక్క మాట లేదు. బాపు నిరాశపడ్డాడు. చాచా హద్దులు మొదలుపెట్టాడు. మూడు వైపులా గుట్ట, బండలు.

"తూర్పు దిక్కు, అమ్మినాయన దగ్గర మిగిలిన జమీన్" అన్నాడు. "చూడు బేటీ, గీడ సాఫ్ రాసుంది."

మాకు కావలసింది అదే. ఒకే భూమిని రెండుగా చేసి ఒక ముక్క అమ్మినప్పుడు, ఆ ముక్కకు వేరే దారి లేకపోతే, మిగిలిన ముక్కలోంచి దారి ఇవ్వక తప్పదు. దీన్ని అవసరం వల్ల వచ్చే హక్కు అంటారు. అడిగి నడిచారా, అడగకుండా నడిచారా అన్న ప్రశ్న దీనికి లేదు. ఇరవై ఏళ్ల లెక్కా లేదు.

కానీ దావాలో రాయని హక్కు కోసం వాదించడం కుదరదు. విచారణ మొదలయ్యాక దావా సవరించాలంటే, ముందే ఎందుకు రాయలేకపోయారో చెప్పి కోర్టును ఒప్పించాలి. ఉర్దూ చదివేవారు లేక కాగితం సంగతి తెలియలేదని బాపు ప్రమాణపత్రం ఇచ్చాడు. ఈసారి దాన్ని బాపుకు నేనే చదివి వినిపించాను. ఆయన విసుక్కున్నా ప్రతి వాక్యం దగ్గరా ఆగి, నిజమేనా అని అడిగాను. అవతలివాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు. జడ్జి సవరణకు ఒప్పుకొని, వాళ్లకు అదనపు జవాబు వేసే అవకాశం ఇచ్చారు. కాగితానికి తెలుగు తర్జుమా వేశాం. కోర్టు పంపిన కమిషనరు వకీలు, సర్వేయరు వచ్చి చెలక చుట్టూ తిరిగి, ఇంకో దారి లేదని పటం గీసి ఇచ్చారు.

తీర్పు వచ్చేసరికి నేను మూడో సంవత్సరం పరీక్షలు రాస్తున్నాను. ఎన్నో ఏళ్లుగా నడిచినందువల్ల హక్కు వచ్చిందన్న మా మాటను జడ్జి కొట్టేశారు. దానికి కారణంగా అవ్వ సాక్ష్యాన్నే చూపారు. అవసరం వల్ల దారి హక్కు ఉందని ఒప్పుకున్నారు. దానికి కూడా అవ్వ సాక్ష్యమే చూపారు. అయితే దారి ఎక్కడ ఇవ్వాలో ఎంచుకునేది భూమి యజమాని. నడుమ నుంచి పోయే పాత బాట ఆయన ఇవ్వలేదు. ఉత్తరపు గట్టు వెంబడి, ట్రాక్టరు పట్టేంత వెడల్పుతో కొత్త దారి విడిచాడు.

బాపుకు అది ఇష్టం కాలేదు. "సుట్టు తిరిగి పోవాలె. గెలిచినమా, ఓడినమా?" అన్నాడు వకీలుతో.

"గెలిచిండ్రు. కాకపోతే మీరడిగింది రాలే, మీకు రావాల్సింది వచ్చింది" అన్నాడు ఆయన.

మొదటి వానలకు ఆ గట్టు దారి బురదై ట్రాక్టరు దిగబడింది. బాపు రెండు ట్రిప్పుల మొరం మట్టి పోయించాడు. ఆ ఏడు కంది వేశాం. అవ్వ ఒకసారి నడిచి చూస్తానని వచ్చి, సగం దూరంలోనే ఒక రాయి మీద కూర్చొని, పాత బాటే దగ్గరుండె అని సణిగింది.

రెండేళ్లకు ప్రతివాది ఆ భూమిని ఎవరో షాద్‌నగర్ వాళ్లకు అమ్మేశాడు. మళ్లీ తాళం పడుతుందేమోనని బాపు భయపడ్డాడు. అప్పటికి నేను అదే వకీలు దగ్గర జూనియర్‌ని. దారి హక్కు మనుషులతో కాదు, భూమితో పోతుందని బాపుకు చెప్పాను. ఆయన నమ్మలేదు. రిజిస్ట్రారు ఆఫీసుకు పోయి కొత్త దస్తావేజు నకలు తీసుకొచ్చి ఇచ్చాను. ఉత్తరపు గట్టు మీద మా చెలకకు దారి విడిచినట్టు అందులో తెలుగులో రాసి ఉంది. బాపు దాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకొని, చెలక దున్నడానికి పోయాడు.