నాడి చూసి చేసిన బేరం

ఒక పెద్దావిడ చెయ్యని తప్పుకు తనను తాను తిట్టుకుంటుంటే, ఐదేళ్లుగా వింటూ ఊరుకున్నాను. ఆ తప్పు నాది. ఏ పనికైనా ముందు కాగితం మీద వరస రాసుకునే అలవాటు నాది. ఈ ఒక్క విషయాన్ని మాత్రం ఇన్నేళ్లలో వరసగా రాసుకోలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది నూజివీడు. మా బాబాయి మామిడి వ్యాపారి. ఇక్కడ చాలా తోటలు పూత మీదే అమ్ముడవుతాయి. కాయ ఇంకా పుట్టకముందే, పూత చూసి, ఎంత నిలుస్తుందో అంచనా కట్టి, ఆ ఏటి కాపు మొత్తానికి వ్యాపారి ఒక ధర చెబుతాడు. రైతు మొహంలో ఏమీ కనపడనివ్వడు. వ్యాపారీ అంతే. ఎవరి మనసు ముందు బయటపడితే వాళ్లు ఓడిపోయినట్టు.

చాట్రాయి దగ్గర ఆరెకరాల రసాల తోట ఉన్న ఏలియా మాస్టారి మొహం మా బాబాయికి ఎప్పుడూ అంతుపట్టలేదు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. పదో తరగతిలో నాకు లెక్కలు చెప్పింది ఆయనే.

ఐదేళ్ల కిందట నేను ఇంజనీరింగ్ పూర్తిచేసి ఖాళీగా ఉన్నాను. నాతో చదివినవాళ్లు కొందరు చేతికి కట్టుకునే ఆరోగ్య వాచీ తయారుచేసి, ఎవరికైనా కట్టి చూడమని ఒకటి పంపారు. గుండె వేగం, లయ, నిద్ర, అన్నీ కొలిచి, లోపలున్న సిమ్‌తో ఎంత దూరంలో ఉన్న ఫోన్‌కైనా పంపుతుంది. ముందు బాబాయికి కట్టాను. ఆయన ఫోన్‌లో ఎవరితోనో బేరమాడుతున్నాడు. గొంతు మామూలుగానే ఉంది. అంకె మాత్రం డెబ్బై నుంచి తొంభై దాటింది. ఆలోచన అప్పుడు వచ్చింది. అది బాబాయికి వచ్చిందని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. కాదు. ముందు నోరు విప్పింది నేనే.

మాస్టారికి అప్పుడప్పుడు కళ్లు తిరుగుతున్నాయని మాకు తెలుసు. వాచీ పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. గుండెలో తేడా వస్తే ఆయన చేతి మీద గుర్రుమంటుందని, ఆయన భార్య కరుణమ్మ గారి ఫోన్ కూడా మోగుతుందని చెప్పాను. ఆవిడ ప్రాణం లేచొచ్చినట్టు వాచీ వైపు చూసింది. మాస్టారు దాన్ని తిప్పి తిప్పి చూశారు.

“చూసిందంతా ఎవరికి చెబుద్దిరా ఇది?”

“మీకేనండి మాస్టారూ.”

“నాకే అయితే మధ్యలో నీ ఫోనెందుకు?”

“సెట్ చెయ్యడానికండి. మీది బటన్ల ఫోన్ కదా.”

“ఆన్సర్ బానే ఉంది. స్టెప్పులేవి? మధ్యలో స్టెప్పు మింగేసినోడికి నేనెప్పుడన్నా మార్కులేశానా?”

“పిల్లాడు ప్రేమగా తెస్తే ఈ పరీక్షలేంటండీ మీరు!” అంది కరుణమ్మ గారు.

“సరే, కట్టరా. ఈవిడ గుండెన్నా కుదుటపడుద్ది.”

చెయ్యి చాపారు. కట్టాను.

పది రోజులు ఏదో వంకతో ఆయన దగ్గర తిరుగుతూ, ఆయన్ని చదివాను. మెరక ఎక్కితే ఎంత, కూలీలతో గొడవపడితే ఎంత, అన్నం తిన్నాక ఎంత. సాయంత్రం ప్రార్థనకి కూర్చోగానే ఆయన గుండె నెమ్మదించేది. అరవై రెండు. నలభై ఏళ్లు పక్కన కూర్చుని ప్రార్థన చేసిన భార్యకు కూడా తెలియని సంగతి అది. సిగ్గుపడాల్సింది అక్కడే. నేను దాన్ని నోట్‌బుక్‌లో ‘విశ్రాంతి స్థాయి’ అని శీర్షిక పెట్టి రాసుకున్నాను.

బేరానికి తోటలోనే కుర్చీలు వేశారు. వెళ్లేముందు నేను నా ఫోన్‌లో హెచ్చరికలు ఆపేశాను. బేరం మధ్యలో వాచీ గుర్రుమంటే ఆయనకు అనుమానం వస్తుందని. ఒకే మీట. దాన్ని ఆపితే ఆయన చేతి మీద చప్పుడూ ఉండదు, కరుణమ్మ గారి ఫోనూ మోగదు. ఆ రెండోది నాకు తట్టలేదా? తట్టింది. ఒక గంటే కదా అనుకున్నాను.

గుండె ఎగిరిన ధరే ఆయన మనసులోది కాబట్టి, అప్పుడు నేను ఫోన్ జేబులో పెట్టుకుంటే ఆ ధర దగ్గర ఆగాలని బాబాయితో ముందే అనుకున్నాం. మొదటి ధరకు అంకె కదల్లేదు. రెండోదానికీ కదల్లేదు. మూడోదానికి ఒక్కసారిగా నూట ఇరవై దాటింది. తెర మీద ‘లయలో తేడా’ అని ఎర్రగా వచ్చింది. అది గుండె వేగం చూపించే గీతకు అడ్డంగా ఉందని వేలితో పక్కకు తోసేశాను. ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

బాబాయి ఆగిపోయాడు. మాస్టారు తువ్వాలుతో మొహం తుడుచుకుని, “ఒంట్లో బాగాలేదయ్యా. ఇక్కడికి కానిచ్చెయ్యండి,” అన్నారు.

మనిషి నోటితో చెప్పాడు. నేను అంకెను నమ్మాను. ఆయన బేరం కోసం నటిస్తున్నారనుకున్నాను. దారిలో బాబాయి నా వీపు తట్టాడు. నాకు సంతోషం వేసింది. ఆ సంతోషాన్ని కూడా దాచకుండా రాయాలి.

ఇంటికొచ్చాక మీట మళ్లీ వెయ్యలేదు. మర్చిపోయానని చాలాకాలం అనుకున్నాను. నిజంగా మర్చిపోయానా? మర్నాడు కాగితం మీద సంతకాలు ఉన్నాయి, అవి అయ్యేదాకా ఉంచుదామనుకున్నాను. దాన్ని మరుపు అనరు. సంతకాలయ్యాక కూడా ఆ రోజు దాని జోలికి పోలేదు. దానికి మాత్రం నా దగ్గర కారణం కూడా లేదు.

మూడో రోజు పొద్దున మోటారు షెడ్డు దగ్గర మాస్టారు పడిపోయారు. ఎంతసేపు అలా ఉన్నారో ఎవరికీ తెలియదు. రోజూ ఆయనతో తోట చుట్టూ తిరిగే కరుణమ్మ గారు, వాచీ కట్టిన దగ్గర్నుంచి ఇంట్లోనే ఉండి పొయ్యి పని చూసుకుంటున్నారు. టిఫిన్‌కి రాలేదేమా అని వెతుక్కుంటూ వెళ్లి చూశారు. ఆసుపత్రికి చేర్చేసరికే అయిపోయింది.

సమాధుల దగ్గర ఆవిడ వాచీ నా చేతిలో పెట్టింది.

“ఇది పని చెయ్యలా బాబూ. ఇంకెవరికీ కట్టమాక.”

“అవునండి,” అన్నాను. “పని చెయ్యలేదు.”

వాచీ చేసిన స్నేహితులకూ అదే రాసి పంపాను. ఆ తర్వాత వాచీ రాసిపెట్టుకున్న లాగ్ తెరిచాను. మూడు రోజుల్లో అలాంటి ఎగురుడు నాలుగుసార్లు. ఒకటి బేరంలో. ఒకటి మర్నాడు ఆయన ఊరికే కూర్చుని ఉన్నప్పుడు. ఒకటి ఆ సాయంత్రం ప్రార్థన వేళ. చివరిది షెడ్డు దగ్గర. హెచ్చరికలు నాలుగు, పంపినవి సున్నా. నేను ధర అనుకున్నది జబ్బు. దొంగతనంగా చదివాను, చదివింది కూడా తప్పే.

మోగి ఉంటే బతికేవారా? తెలియదు. మొదటిసారి మోగి ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లడానికి రెండు రోజులుండేవి. ఇంతవరకే చెప్పగలను.

ఇప్పుడు ఉంగరాలొచ్చాయి, చర్మానికి అంటించే పట్టీలొచ్చాయి. ప్రతిదాని మీదా ‘మీ సమాచారం మీదే’ అని ఉంటుంది. అది చదివినప్పుడల్లా, మధ్యలో ఎవరి ఫోన్ ఉందో అని చూస్తాను. అడగడం నాకు నేర్పిన మనిషికే నేను నిజమైన జవాబు చెప్పలేదు.

కరుణమ్మ గారి ఇంటికి మూడుసార్లు వెళ్లాను. ప్రతిసారీ మజ్జిగ ఇచ్చింది. ప్రతిసారీ ఒకే మాట అంది: “దాన్ని నమ్ముకుని నేను వెంట వెళ్లలేదు బాబూ. నాదే బుద్ధి తక్కువ.” మజ్జిగ తాగి వచ్చేశాను. నిజం చెబితే ఆవిడ బరువు దిగుతుందా, ఇంకొకటి ఎక్కుతుందా అని ఆలోచిస్తాను. ఇది ఆవిడ కోసం వేసుకునే ప్రశ్న కాదు. నేను దాక్కోవడానికి వేసుకునేది.

కరుణమ్మ గారి తప్పు ఏమీ లేదు. వాచీ పని చేసింది. దాని నోరు నొక్కింది నేను. పేరు లేకుండా రాస్తున్నాను, ఆవిడకు కాకుండా మీకు రాస్తున్నాను, కాబట్టి ఇది సగం ఒప్పుకోలే. అయినా ఐదేళ్లలో మొదటిసారి ఈ మాటలు నా లోపల కాకుండా బయట ఉన్నాయి. ఊపిరి కాస్త ఆడుతోంది. అంతకుమించి అడిగే హక్కు నాకు లేదు.