సుభద్ర నోరు తెరిచిన రోజు

మా ముత్తాత నరసింహారావు దేశ్‌ముఖ్‌గారు పన్నెండు ఊళ్లకు పెద్ద. మా తాత రామచంద్రరావుగారు వీధిలోకి వస్తే లేచి నిలబడని మనిషి లేడు. తొంభైల నాటికి మేం చిక్కడపల్లిలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉన్నాం. అయినా ఇంటి మర్యాదలు వదల్లేదు. పరాయివాళ్ల ముందు పిల్లలు నోరు తెరిచి పళ్లు చూపకూడదన్నది అందులో ఒకటి.

మా ఐదేళ్ల అమ్మాయి సుభద్రకు పాలపన్ను పుచ్చి చెంప వాచింది. నారాయణగూడలో పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. పాప కుర్చీ ఎక్కింది గాని నోరు తెరవలేదు.

“జర తెరువు బిడ్డా, చూస్త,” అంది డాక్టరమ్మ.

సుభద్ర చెయ్యి అడ్డం పెట్టుకుంది. “బయటోళ్ల ముందు తెరవొద్దని నానమ్మ చెప్పింది.”

“రాణీగారికి పరదా కట్టుండ్రి!” అన్నాడు తలుపు దగ్గర తన వంతు కోసం కూర్చున్న ఒకాయన. అక్కడున్న వాళ్లందరూ నవ్వారు.

డాక్టరమ్మ నవ్వలేదు. “చీము పట్టినట్టుంది సార్. ఇట్లనే వదిలేస్తే లోపల తయారయ్యే పన్ను గూడ ఖరాబైతది.”

నేను పాపను దింపి, ఆ కుర్చీలో కూర్చుని, అందరూ చూస్తుండగా నోరు బార్లా తెరిచాను.

“ముందు మీకే పని పడేటట్టుంది సార్!” అంది డాక్టరమ్మ. ఈసారి అందరికంటే గట్టిగా సుభద్రే నవ్వింది.

“లే నాయినా, ఇప్పుడు నేను,” అంటూ ఎక్కి, నిటారుగా కూర్చుని నోరు తెరిచింది. సూది గుచ్చినా ఏడవలేదు. ఊళ్లో తగాదాలు తీర్చే కచేరీలో మా తాతగారు అలాగే కూర్చునేవారు. ఇల్లూ పొలాలూ పోయాయి గాని ఆ కూర్చునే తీరు మా ఇంట్లోనే ఉంది.

ఆ వైద్యానికి తాతగారు తమలపాకులు పెట్టుకునే వెండి పాన్‌దాన్ అమ్మాం.