మస్తాన్ ఎడమకాలు

ఆ రోజు ఒకడు నన్ను భుజాల మీద మోశాడు. అప్పటి నుంచి వాణ్ణి నేను మోస్తున్నాను. పత్రికలో ఎందరి తప్పులో రాశాను గాని, ఇది రాయలేదు. మీకు చెబుతున్నాను.

పంతొమ్మిది వందల యాభైల చివర, వరుసగా వానలు తప్పిన కాలం. కొత్తచెరువు తాలింఖానాలో కుస్తీ సాధనకు నేనూ మస్తానూ జోడీ. కసరత్తయ్యాక ఒకరి కాళ్లకొకరం నూనె పట్టించి మాలీషు చేసుకునేవాళ్లం. ముసలి ఉస్తాదు ఒకనాడు మా ఇద్దరినీ పిలిచాడు. చిలమత్తూరు కుస్తీల్లో మీరిద్దరూ తలపడండి, నా తర్వాత గెలిచినవాడికే తాలింఖానా అన్నాడు. తాలింఖానా ఉస్తాదుకు ఇంటింటా గింజలు కొలిచేవారు. కరువులో ఊరు విడవకుండా బతకడానికి అది చాలు.

మర్నాడు మాలీషు చేస్తూ మస్తాన్ ఎడమ పిక్కను బొటనవేలితో గట్టిగా అదిమాను. వాడు కదల్లేదు.

“ఏమప్పా, తెలుస్తాందా?”

“నొక్కినావా? ఈగ వాలిందేమో అనుకుంటి.”

“నవ్వొద్దు. ఎన్నాళ్ల నుంచి?”

“బస్కీలు తీసేకొద్దీ నడుం కాడ నుంచి కిందిదాకా గుంజుతాది. ఇంకా తీస్తే కాలు నాది కాదు, ఎవుర్దో! ఉస్తాదుకు చెప్పొద్దు రా, బరిలోకి దించడు. ఇది పోతే నేను బెంగళూరికి మట్టి మోసేదానికి పోవాల్సిందే.”

“నా నోట రాదులే.”

రాలేదు. మాట తప్పలేదు నేను. ఎవరికీ చెప్పకుండా వాడుకున్నాను.

బరిలో వాడి మెడ మీద చేయి వేసి, మోకాళ్లు వంచే ఉండేలా నా బరువంతా మోపాను. పడేయాలని చూడలేదు. బస్కీలో సగం దిగినట్టు వాణ్ణి అలాగే నిలిపి, ఊరికే కాచుకున్నాను. కాసేపటికి ఎడమకాలు వణికింది. తర్వాత వణకడం మానేసింది. అప్పుడు తోశాను.

డప్పులు మోగాయి. తలపాగా చుట్టారు, చేతికి వెండి కడెం తొడిగారు. ఎంత సంతోషమో! ఎండిన నేలంతా నా పేరే అరుస్తున్నట్టుంది. నా ఓర్పును ఉస్తాదు మెచ్చుకున్నాడు. పత్రికకు నేను పంపిన మొదటి వార్త కూడా ఆ కుస్తీదే. “ఓర్పుతో గెలుపు” అని నా గురించి నేనే రాసుకున్నాను. ఆ రాతే తర్వాత నాకు ఉద్యోగమైంది. రెండు పంటలు తిరక్కుండానే తాలింఖానా వదిలేశాను. దానికోసం బతికినవాడు అప్పటికే బెంగళూరులో మట్టి మోస్తున్నాడు.

వాడికి తెలుసా? తెలియకుండా ఉంటుందా? అయినా ఆ రోజు నన్ను భుజాలకెత్తుకున్నది మస్తానే. బరి చుట్టూ తిప్పాడు. వాడు ఎడమకాలు ఈడుస్తున్న సంగతి పైనున్న నాకు అడుగడుగునా తెలుస్తూనే ఉంది. దించమనాలి కదా? అనలేదు. చేతులు ఇంకా పైకెత్తాను.

ఇప్పటికీ ఎక్కడైనా డప్పు వినబడితే ఒళ్లు పులకరిస్తుంది. సిగ్గుపడాల్సిన చోట ఇంకా గెలుస్తూనే ఉన్నాను. క్షమించమని అడగను, అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఎలా గెలిచానో మాత్రం, ఇన్నాళ్లకు, ఉన్నదున్నట్టు రాశాను. చేతులు ఇప్పుడు దించాను.