చెట్టెక్కిన గుంటడు

"అయ్యోరూ, తమరు తెలుగోలేనేటి?"

మలయా దేశంలో, పెరాక్ ప్రాంతపు కొబ్బరి తోటలో, రేకుల కప్పు కింద నడిచే బడిలో ఆరేళ్ల పైడమ్మ జ్ఞానయ్య మాస్టారిని అడిగిన మొదటి మాట ఇది. ఆయన అప్పటికి గంటసేపటి నుంచి మాతృభాష మాధుర్యం గురించి ఉపన్యసిస్తున్నాడు. పిల్ల ఎగతాళికి అడగలేదు. నిజంగానే తెలియక అడిగింది.

జ్ఞానయ్యది దివిసీమలో నాగాయలంక దగ్గర పల్లె. తండ్రి లేడు. తల్లి దేవమ్మ ఊడ్పులకూ కోతలకూ వెళ్లి చదివించింది. బందరు ట్రెయినింగు స్కూల్లో చేరిన కొత్తల్లో "సదువు" అన్నందుకు బెంచీ ఎక్కించారు. "సెప్పాడు" అన్నందుకు తరగతి మొత్తం ఆయన పేరు మానేసి "సెప్పాడు" అని పిలిచింది. దీన్ని మనవాళ్లు విద్య అంటారు. కృష్ణా జిల్లాలో పుట్టిన ప్రతివాడికీ తెలుగు తన పెరట్లోనే కాసిందన్న నమ్మకం. బందరు వాళ్లకైతే ఆ పెరటి తాళంచెవి కూడా తమ మొలతాడుకే వేలాడుతోందని ధీమా.

జ్ఞానయ్య కష్టపడి ఆ తాళంచెవి సంపాదించాడు. సెలవులకు ఇంటికెళ్లి, సదువు కాదు చదువు అనాలని తల్లిని దిద్దాడు. ఆవిడ నాలుగైదు సార్లు నోరు తిప్పి చూసి, ఆ తరవాత కొడుకు ముందు మాట్లాడటం తగ్గించేసింది. కొడుకు దాన్ని గౌరవమనుకున్నాడు.

1952లో తోట బడికి తెలుగు మాస్టరు కావాలని కబురొచ్చింది. ఇక్కడి జీతానికి మూడింతలు. ప్రయాణానికి ముందు పాస్టరుగారు ప్రార్థన చేసి, చీకటిలో ఉన్నవారి కోసం మన జ్ఞానయ్య దీపం పట్టుకు వెళ్తున్నాడన్నారు. ఆ చీకటిలో ఉన్నది రెండు తరాల కింద విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి కూలికి వెళ్లిన తెలుగువాళ్లేననీ, వాళ్లకు లాంతర్లున్నాయనీ ఎవరికీ తట్టలేదు.

పరాయి దేశానికి మాస్టారు తొందరగానే అలవాటు పడ్డాడు. మలై వాళ్ల రొయ్యల ముద్ద వాసనకు తోట గుమాస్తా ముక్కు మూసుకుంటే, ఈయన నాగాయలంక ఎండురొయ్యలు తలుచుకుని మారు వడ్డించుకున్నాడు. మలై మాట ఆరునెలల్లో పట్టుబడింది. దొరకు సలాం ఎంత వంగి చెయ్యాలో, చీనా కొట్టువాడితో ఎంతవరకు బేరమాడాలో నేర్చుకున్నాడు. అలవాటు పడలేకపోయింది ఒక్క తెలుగుకే.

పైడమ్మను ఆ ప్రశ్నకే బెంచీ ఎక్కించాడు. తన గురువులు నేర్పిన విద్య అదే మరి. ఇంకోరోజు ఆ పిల్ల పలక మీద "మా గుంటడు సెట్టెక్కినాడు" అని రాసింది. వాళ్ల వైపు గుంటడంటే పిల్లవాడు. కృష్ణా జిల్లాలో గుంటంటే గొయ్యి. గుంటలో నీళ్లుంటాయే గాని గుంట చెట్టెక్కదని మాస్టారు హాస్యమాడాడు. పిల్లలు నవ్వారు. ఆ నవ్వు తన మీదేనని ఆయనకు తెలియడానికి కొంతకాలం పట్టింది.

బడి పలచబడింది. తోటకు అవతలి చివర తమిళ బడి ఉంది, అక్కడ పాలు కూడా పోస్తారు. ముప్ఫైమందికి తగ్గితే తెలుగు బడి ఎత్తేస్తానని దొర చెప్పేశాడు. జ్ఞానయ్య కూలీల ఇళ్ల లైన్లలోకి వెళ్లి, పైడమ్మ తల్లిని నిలదీశాడు: కన్నభాష వదిలి పిల్లను అరవ బడిలో వెయ్యడానికి మనసెలా ఒప్పిందని. ఆవిడ కొబ్బరిపీచు దులుపుకుంటూ నెమ్మదిగానే చెప్పింది.

"అరవ బల్లో తప్పు సెప్తే సిగ్గు నేదు అయ్యోరూ, అది మాది కాదు. మాదే తప్పంటే ఇంకేటి మాటాడతాం?"

మాట్లాడటం మానేసిన మనిషి ఆయనకు ఇంటి దగ్గర ఇంకొకరు తెలుసు. వెనక్కి నడిచొస్తూ ఆవిడనే తలుచుకున్నాడో, ముప్ఫై అంకెనే తలుచుకున్నాడో చెప్పలేం. జీతగాడికి పశ్చాత్తాపం, భయం కలిసే వస్తాయి. మర్నాడు మాత్రం పలక మీద ముందు పిల్లలు మాట్లాడినట్టే రాయించాడు. దాని పక్కన పుస్తకాల్లో ఎలా రాస్తారో తను రాశాడు. దేన్నీ కొట్టెయ్యలేదు. ఏడాది తిరిగేసరికి నలభైమందయ్యారు. పైడమ్మ కూడా వచ్చింది, పాలు వదులుకుని.

మలయాకు స్వతంత్రం వచ్చిన ఏడు, తనిఖీకి వచ్చిన అధికారి కొత్త మెలిక పెట్టాడు. ప్రతి పిల్ల చేతిలోనూ అచ్చు వాచకం ఉండాలి, లేకపోతే గ్రాంటు లేదు. మాస్టారు చేత్తో రాసి కుట్టిన పుస్తకాలు చూపిస్తే వాటిని పుస్తకాలుగా లెక్కపెట్టనన్నాడు. ఆ వాచకాల కోసమే జ్ఞానయ్య సెలవు పెట్టి ఇంటికొచ్చాడు.

ముందు తల్లిని చూశాడు. గుమ్మంలోనే, తనకు పాలతో పాటు వచ్చిన మాటలో, ఎట్టా ఉన్నావే, ఒంట్లో బాగుంటందా అని అడిగాడు. దేవమ్మ చేతిలోని చేట కింద పెట్టింది.

"నన్నెక్కిరిస్తన్నావంట్రా?" అంది.

కాదని నమ్మించడానికి ఆయనకు ఆ సెలవు చాలలేదు.

బందరులో భాషాభిమానుల సంఘం ఒకటుంది. అధ్యక్షుడు సూరయ్యగారు, వయసు మళ్లిన ప్లీడరు. జ్ఞానయ్యకు సన్మానం పెట్టారు. సముద్రాలు దాటి తెలుగు జెండా ఎగరేసినవాడని ఐదుగురు ఐదు విధాలుగా చెప్పారు. ఐదుగురి పిల్లలూ కాన్వెంటులో చదువుతున్నారు. వాచకాలు పంపడానికి అక్కడికక్కడే చందాలు వేశారు. గుడివాడ మిల్లు యజమాని వంద రాయించాడు. బట్టలకొట్టు అల్లాబక్షు పది ఇచ్చాడు. మొత్తం మూడువందల నలభై చేరింది.

ఇంతటితో శాలువా మడిచి ఇంటికెళ్తే కథ వేరుగా ఉండేది. జ్ఞానయ్యను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. ఆయన జేబులోంచి పైడమ్మ రాసిన కాగితం తీసి చదివాడు.

"మా అమ్మ తెల్లారగట్ల కాయలొలవడానికెల్లిపోద్ది. తమ్ముడు గుంటడిని నానే సూత్తాను. ఆడు సెట్టెక్కితే నానూ ఎక్కుతాను. అయ్యోరు మమ్మల్ని ఒగ్గెయ్యరు."

ఒగ్గెయ్యడమంటే వదిలెయ్యడమని ఆయన చెప్పబోయేలోపే వేదిక మీద దగ్గులు మొదలయ్యాయి. సూరయ్యగారు కళ్లజోడు తుడుచుకుని, "జ్ఞానయ్యగారూ, ఇది తెలుగేనంటారా?" అన్నారు.

"మనల్ని చూసి వాళ్లూ అదే అడుగుతారండి," అన్నాడు జ్ఞానయ్య.

వెనక వరసలో అల్లాబక్షు ఒక్కడే గట్టిగా నవ్వాడు. అతని తెలుగును కూడా ఆ ఊళ్లో చాలామంది దిద్దారు.

ఆ వారమే సంఘం తీర్మానం చేసింది: అపభ్రష్టంగా మాట్లాడేవారికి ముందు భాష శుద్ధి కావాలి, పుస్తకాలు ఆ తరవాత. శుద్ధి చెయ్యడానికి ఒక పండితుణ్ణి పంపేదాకా సొమ్ము సంఘం దగ్గరే ఉంటుంది. ఇద్దరు పండితుల్ని అడిగారు. ఒకాయనకు సముద్రం పడదు. ఇంకొకాయన అక్కడ ఏం తింటారో వాకబు చేసి ఊరుకున్నాడు. జ్ఞానయ్య సెలవున్నన్నాళ్లూ సూరయ్యగారి అరుగు మీద కూర్చుని, చివరికి ఖాళీ చేతులతో ఓడెక్కాడు. తన డబ్బుతో కొనలేదా అంటే, తిరుగు ప్రయాణానికే చాలలేదు.

1959లో గ్రాంటు ఆగింది. బడి మూసేశారు. పిల్లల్ని జ్ఞానయ్యే వరసగా నడిపించుకెళ్లి తమిళ బడిలో అప్పగించాడు. పైడమ్మ మర్యాదగా నమస్కారం పెట్టి, పుస్తకాల తెలుగులో, "వెళ్లి వస్తానండి" అంది. ఆయన నేర్పిందే.

ఈ సంగతి బందరు చేరగానే, విదేశాల్లో తెలుగు అంతరించిపోతున్నందుకు సంఘం నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించింది. జ్ఞానయ్య ఇప్పుడు దివిసీమలోనే ఒక ఎలిమెంటరీ బడిలో పనిచేస్తున్నాడు. ఉచ్చారణ పాడైందని ఇనస్పెక్టరు రెండుసార్లు రిమార్కు రాశాడు.

వాచకాల కోసం వసూలైన మూడువందల నలభై రూపాయలు సంఘం ఇంకా ఇవ్వవలసే ఉంది.