హోమానికి ముందు వేసిన ఇంజక్షన్

మావారు పురోహితులు. కోనసీమలో మా చుట్టుపక్కల ఆయన పెళ్ళి చేయించని ఇల్లు తక్కువ. అటువంటి మనిషి ఆ రోజు రావులపాలెంలో ఒక అరటితోటల రైతుగారింట పెళ్ళి చేయిస్తూ సంకల్పం మధ్యలో ఆగిపోయారు. అంతా గడగడా చెప్పుకొచ్చి, గోదావరి పేరు దగ్గర ఆగారు. ఊహ తెలిసినప్పటినుంచి మునిగిన నది పేరు. నేను ఆడవాళ్ళ మధ్య కూర్చుని చూస్తున్నాను. పెదవులు కదుపుతున్నారు గానీ మాట రావడం లేదు. లేవబోయి కుడిపక్కకి ఒరిగారు.

పెళ్ళికూతురు మేనమామ పక్కవాళ్ళతో, “పంతులుగారు పొద్దున్నే యానాం వెళ్ళి చుక్కేసుకొచ్చినట్టున్నారండి” అన్నాడు. అందరూ నవ్వారు. మందు వాసన తగిలితే రోడ్డుకి అటుపక్కగా నడిచే మనిషి మావారు. మేం ఇంటికి చేరేలోపే ఆ కబురు మా వీధికి చేరింది. కుండ మూతికి మూకుడు వేయగలం గానీ ఊరి మూతికి ఎవరు వేయగలరు.

మర్నాడు రాజమండ్రి తీసుకెళ్ళాం. ఎమ్మారై చూసి అక్కడి డాక్టరుగారు, “మెదడు లోపల గడ్డలా ఉందమ్మా. చుట్టూ వాపుంది. వాపు తగ్గడానికి డెక్సామెథసోన్ అని స్టెరాయిడ్ ఇంజక్షన్లు రాస్తున్నాను. వెంటనే విశాఖపట్నంలో చూపించండి” అన్నారు. మొదటి ఇంజక్షన్ అక్కడే వేశారు. మిగతావి మా ఊళ్ళో కాంపౌండరు ఇంటికొచ్చి వేశాడు.

మావారికి అన్నగారున్నారు, నాకు బావగారు. ఆయనా పురోహితులే. విశాఖ ప్రయాణం ఆపించి, మా ఇంట్లోనే మృత్యుంజయ హోమం మొదలుపెట్టారు. హోమం ముగిసేసరికి మావారు లేచి నడిచారు. మాట తేటగా వచ్చింది. ఊరంతా వచ్చి బావగారికి దణ్ణాలు పెట్టారు.

“ఇంజక్షన్లు కూడా పడ్డాయి కదండీ” అన్నాను నేను.

“నువ్వు లోపలికెళ్ళి విస్తళ్ళు చూడమ్మా” అన్నారు బావగారు. కాకి వాలింది, తాటిపండు పడింది. పండు పడగొట్టిన గొప్ప కాకిదైపోయింది.

ఆ తర్వాత విశాఖ వెళ్ళాం. రాజమండ్రి మందుల చీటీ ఇంట్లోనే ఉండిపోయింది. కొత్త స్కాన్‌లో గడ్డ దాదాపు కనిపించలేదు. అక్కడి డాక్టరుగారు రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి, “మధ్యలో మందులేమైనా వాడారా? స్టెరాయిడ్స్ గానీ?” అని గుచ్చి అడిగారు.

“ఏమీ లేదండి. హోమం చేశాం, అంతే” అన్నారు బావగారు.

ఆయన అబద్ధమాడే మనిషి కాదు. ఇంజక్షన్ పేరెత్తితే హోమానికి మాటొస్తుందని ఆయన బాధ. నేను “అది కాదండి” అనబోతే చెయ్యెత్తి ఆపారు. మా ఇళ్ళలో బావగారు మాట్లాడుతుంటే మరదలు నోరెత్తదు. మావారు కూడా అన్నగారి మాటకి తలవంచుకుని కూర్చున్నారు. డాక్టరుగారు, “ఒక్కోసారి ఇన్‌ఫ్లమేషన్, అంటే ఉత్త వాపు కూడా గడ్డలా కనిపిస్తుంది. నెల తర్వాత రండి” అని పంపేశారు.

నెల తిరగకుండానే మావారు పెరట్లో పడిపోయారు. ఈసారి నది పేరు కాదు, నా పేరే రాలేదు. నన్ను చూసి “ఈవిడ... ఈవిడ...” అంటూ ఉండిపోయారు.

మళ్ళీ విశాఖలో స్కాన్ తీస్తే, గడ్డ ముందుకంటే పెద్దదై తిరిగొచ్చింది. “చాలా లోపలుంది. ముక్క తీసి బయాప్సీ చేస్తే మాటకే ప్రమాదం రావచ్చు” అన్నారు డాక్టరుగారు. అప్పుడు నేను బావగారి ముందే ఇంజక్షన్ల సంగతి చెప్పేశాను.

డాక్టరుగారు పాత ఫిల్ములు మళ్ళీ తీసి చూశారు. “ఇది మొదటిసారే చెప్పాల్సిందమ్మా. స్టెరాయిడ్‌కి కరిగి మళ్ళీ వచ్చిందంటే లింఫోమా అనే కేన్సర్ కావచ్చు. దానికి ఆపరేషన్ కాదు, కీమో. గడ్డ నుంచి రాలిన డీఎన్‌ఏ ముక్కలు మెదడు చుట్టూ ఉండే నీళ్ళలో తిరుగుతుంటాయి. ఆ నీళ్ళని సీఎస్ఎఫ్ అంటాం. నడుం దగ్గర సూదితో తీసి డీఎన్‌ఏ టెస్ట్‌కి పంపుదాం. దొరికితే తల తెరవక్కర్లేదు. దొరకకపోతే జబ్బు లేదని కాదు, అప్పుడు బయాప్సీ తప్పదు.”

“వెన్నులో నీరు తీస్తే కాళ్ళు పడిపోతాయండి” అన్నారు బావగారు.

“స్కాన్ చూసే చెప్తున్నానండి. ఇప్పుడు తీయడానికి భయం లేదు.”

“అయినా ఇంటికెళ్ళి ఆలోచించుకుని...”

“బావగారూ, మీరు కాస్త బయట కూర్చోండి” అన్నాను. కాపురానికొచ్చాక ఆయనతో అలా మాట్లాడటం అదే మొదలు. సంతకం నేనే పెట్టాను.

మావారిని పక్కకి తిప్పి, మోకాళ్ళు కడుపులోకి ముడిచి పడుకోబెట్టారు. చిన్న గొట్టంలోకి మంచినీళ్ళలాంటి నీళ్ళు చుక్కచుక్కగా దిగాయి. కాళ్ళు పడిపోలేదు. తలనొప్పి మాత్రం బాగా వచ్చింది, తగ్గింది. మొదటి శాంపిల్ చాల్లేదని మళ్ళీ సూది గుచ్చినప్పుడు నాకు ఏడుపాగలేదు. చివరికి రిపోర్టొచ్చింది. ఆ లింఫోమాలో తరచుగా కనిపించే మ్యుటేషన్, అంటే డీఎన్‌ఏలో మార్పు, దొరికింది.

మెథోట్రెక్సేట్ అనే కీమో మందు మొదలుపెట్టారు. నోరంతా పుళ్ళు. మజ్జిగ కూడా మంటే. మంత్రం చదివిన నోటితో మూలిగేవారు. మధ్యలో జ్వరం పట్టుకుని కీమో ఆపాల్సొచ్చింది, మళ్ళీ సాగింది. ఆఖరి స్కాన్ చూసి డాక్టరుగారు, “రెమిషన్. గడ్డ కనిపించడం లేదు. పూర్తిగా నయమైందని ఇప్పుడే అనను” అన్నారు.

“మొదటే చెప్పుంటే?” అని అడిగాను.

“చెప్పలేనమ్మా. మాట ఇంకాస్త మిగిలేదేమో.”

ఆ ‘ఏమో’ నా గుండెల్లో ముల్లులా ఉండిపోయింది.

మావారు ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నారు. ముహూర్తాలకి ఎవరూ పిలవరు. తాగుబోతన్న నోళ్ళేవీ తప్పయిందని అనలేదు. బావగారికి మాత్రం పేరు పెరిగింది. జబ్బుమనుషుల వాళ్ళు హోమం కోసం వస్తే, మా అరుగు మీదికి తీసుకొచ్చి, “మా తమ్ముణ్ణి చూడండి” అంటారు. దేవుడంటే నాకూ నమ్మకమే. దేవుడి పేరుతో డాక్టరుకి అబద్ధం చెప్పడమే నాకు మింగుడుపడదు.

మొన్న కొవ్వూరు నుంచి ఒకావిడ వచ్చింది. వాళ్ళాయనకి తలలో గడ్డట. బావగారు హోమం సంగతి మొదలుపెట్టగానే నేను గడప దాటి వచ్చాను. “హోమం చేయించుకోండమ్మా, వద్దనను. కానీ ఇప్పటిదాకా వేసిన ప్రతి ఇంజక్షన్ పేరూ పెద్దాసుపత్రిలో మొదటిరోజే చెప్పండి. వాళ్ళు అడక్కపోయినా చెప్పండి. ఎవరు అడ్డమొచ్చినా చెప్పండి” అన్నాను. ఇది చదువుతున్న మీకూ నేను చెప్పేది అదే.

“ఏం ఇంజక్షనండీ?” అంది ఆవిడ భయంగా.

నేను చెప్పేలోపే కుర్చీలోంచి మావారు తలెత్తారు. సంధ్యావందనంలో ఇప్పటికీ గోదావరి దగ్గర తడబడే మనిషి, అన్నగారి మొహంలోకి చూస్తూ, ఒక్క అక్షరం పోకుండా పలికారు.

“డెక్సామెథసోన్.”